పాదాంతమా? పంక్త్యంతమా? - సాదా పాఠపు ఈమెయిలులో పంక్తివిరుపు చరిత్ర, తెలుగు పాఠపరిష్కరణ

ఉపోద్ఘాతం

లిఖితపాఠంలో ఒక పంక్తి రెండు కారణాలలో ఏదో ఒకదానివల్ల ముగుస్తుంది. రచయిత అక్కడ ముగించదలచుకోవడం మొదటిది. ఆకు, కాగితం, తెర వంటి ఆధారంలో చోటు అయిపోవడం రెండవది. ఈ వ్యాసంలో మొదటిదానిని పాదాంతమనీ, రెండవదానిని పంక్త్యంతమనీ వ్యవహరిస్తున్నాను. వచనంలో పేరా ముగింపు కూడా పాదాంతం కిందికే వస్తుంది. చదువరి సాధారణంగా ఈ రెండింటినీ ప్రయత్నం లేకుండానే వేరు చేసుకుంటాడు. కాని ప్లెయిన్ టెక్స్ట్ అని వ్యవహరించే సాదా పాఠపు ఈమెయిలులో ఈ రెండింటికీ గుర్తు ఒక్కటే. ఆ ఉత్తరాలలో పంక్తులు ఎగుడుదిగుడుగా విరగడానికి మూలకారణం ఇదే. దానిని సరిదిద్దడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రను వివరించి, ఈమెయిలు రూపంలో నిలిచిన తెలుగు రచనలను పరిష్కరించేవారికి ఆ చరిత్ర ఎందుకు అవసరమో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

తాళపత్రంలో పంక్తి

ఈ సమస్య కంప్యూటరుతో పుట్టినది కాదు. తాళపత్ర లేఖకుడు ఆకు ఎడమ అంచున మొదలుపెట్టి కుడి అంచు దాకా ఎడం లేకుండా రాసుకుంటూ పోయేవాడు. పద్యపాదం ఆకు మధ్యలో ముగిసినా కొత్త పంక్తి ఎత్తుకునేవాడు కాదు. ఆకు అంచున మాట సగంలో తెగితే మిగతా సగం కింది పంక్తిలో ఉండేది. అంటే తాళపత్రంలో కనిపించేవి పంక్త్యంతాలు మాత్రమే. పాదాంతాలు పాఠంలో ఉన్నాయి గాని పత్రం మీద లేవు.

అయినా పరిష్కర్తలు పాదాలను విడదీయగలిగారు. అందుకు ఆధారం ఛందస్సు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం వంటి వృత్తాలలో గణక్రమం పాదం నిడివిని నిర్ణయిస్తుంది. ప్రతి పాదంలోని రెండవ అక్షరంగా నిలిచే ప్రాస ఆ నిర్ణయాన్ని ధ్రువపరుస్తుంది. తేటగీతి, ఆటవెలది, సీసాలలో ప్రాసనియమం లేదు కనుక గణాలూ యతీ ఆ పని చేస్తాయి. పాదానికొక పంక్తి కేటాయించే అచ్చు పద్ధతి ఇలా సాధించిన విభాగానికి కంటికి కనిపించే రూపం ఇచ్చింది. సీసపాదం పొడవైనది కావడం వల్ల దానిని నాలుగు గణాల తరువాత విరిచి, రెండవ సగాన్ని కొంచెం లోపలికి జరిపి అచ్చువేయడం వాడుకైంది. ఆ జరుపు ఒక సంకేతం: పంక్తి మారింది గాని పాదం ముగియలేదని అది చెబుతుంది. ఈమెయిలులో చాలాకాలం లేనిది సరిగ్గా ఇలాంటి సంకేతమే.

ఎనభై గడుల వారసత్వం

ఈమెయిలు పంక్తి కొలతలు ఈమెయిలు కంటె పాతవి. ఐబిఎం సంస్థ 1928లో ప్రవేశపెట్టిన చిల్లుల కార్డులో 80 నిలువు గడులు ఉండేవి. ఒక్కొక్క గడికి ఒక్కొక్క గుర్తు. 1963లో వచ్చిన టెలిటైప్ 33వ నమూనా యంత్రం ఒక పంక్తిలో 72 అక్షరాలు కొట్టేది. 1978 నాటి విటి100 తెరమీద పంక్తికి 80 అక్షరాలు, మొత్తం 24 పంక్తులు పట్టేవి. 72, 80 అనే ఈ అంకెలు భాషనుబట్టిగాని, చదువరి సౌకర్యాన్నిబట్టిగాని పుట్టినవి కావు. అవి యంత్రాల ఒడ్డూ పొడవూ మాత్రమే.

పంక్తిని ముగించే గుర్తు కూడా యంత్రం నుంచే వచ్చింది. టెలిటైపులో అచ్చుతలను ఎడమ అంచుకు తేవడం ఒక చర్య, కాగితాన్ని ఒక పంక్తి మేర జరపడం మరొక చర్య. ఈ రెండు చర్యలకు కేటాయించిన సంకేతాల జంటే ఈనాటికీ ఈమెయిలులో పంక్తి ముగింపును సూచిస్తుంది. ఆ జంటకు అర్థం 'కింది పంక్తికి వెళ్ళు' అని మాత్రమే. 'ఎందుకు వెళ్ళాలి' అన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు.

ప్రమాణాలు, మర్యాదలు

రే టామ్లిన్సన్ 1971లో ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు ఉత్తరం పంపాడు. దాని రవాణా నియమాలు 1982 ఆగస్టులో ఆర్.ఎఫ్.సి. 821, ఉత్తరం రూపానికి సంబంధించిన నియమాలు ఆర్.ఎఫ్.సి. 822 అనే పత్రాలలో స్థిరపడ్డాయి. 821 ప్రకారం ముగింపు గుర్తుల జంటతో కలిపి ఒక పంక్తి 1000 అక్షరాలకు మించరాదు. 2001 నాటి ఆర్.ఎఫ్.సి. 2822 దీనినే రెండు మెట్లుగా చెప్పింది: ముగింపు గుర్తులు కాక 998 అక్షరాలు దాటడం నిషిద్ధం, 78 దాటకపోవడం ఉచితం. మొదటిది సర్వరు భరించగల బరువు, రెండవది తెర భరించగల వెడల్పు.

వీటికి తోడు 1995 అక్టోబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1855 నెట్‌వర్క్ మర్యాదలను క్రోడీకరిస్తూ, పంక్తిని 65 అక్షరాల లోపు ఉంచి, చివర పంక్తి ముగింపు మీటను నొక్కవలసిందని రచయితలకే సూచించింది. పాఠచరిత్ర దృష్టితో చూస్తే ఈ సూచన చాలా ముఖ్యమైనది. యంత్రం చేయవలసిన పనిని ఇది మనిషి చేతికి అప్పగించింది. అందువల్ల ఆ కాలపు ఉత్తరంలో రచయిత స్వయంగా నొక్కిన విరుపు కూడా పాదాంతం కానక్కరలేదు.

పొడుగు పొట్టి పంక్తులు

ఇక విరుపులు ఎలా వికటిస్తాయో చూద్దాం. పంపినవారి ప్రోగ్రాము 78 అక్షరాల దగ్గర పంక్తిని విరిచిందనుకుందాం. జవాబు రాసేవారి ప్రోగ్రాము మూలంలోని ప్రతి పంక్తికీ ముందు ఒక కోణపు గుర్తు, ఒక ఖాళీ చేరుస్తుంది. పంక్తి 80కి చేరుతుంది. మరొకరు మళ్ళీ జవాబిస్తే 82 అవుతుంది. 80 వద్ద విరిచే ప్రోగ్రాము చివరి మాటను తెంపి కింద పడవేస్తుంది. ఆ మాట వెనుక పాత విరుపు అలాగే ఉంటుంది కనుక అది ఒంటరిగా ఒక పంక్తిలో మిగిలిపోతుంది. ఫలితం ఒక పొడుగు పంక్తి, ఒక పొట్టి పంక్తి, మళ్ళీ పొడుగు, మళ్ళీ పొట్టి. కింద పడిన మాటకు ముందు కోణపు గుర్తు ఉండదు కనుక, అది మూలరచయిత మాటో జవాబిచ్చినవారి మాటో తెలియదు. విరుపు చెడితే కర్తృత్వమే సందిగ్ధంలో పడుతుందన్నమాట. 72 దగ్గర విరవడం మేలని చెప్పడంలో ఉన్న ఉపాయం ఇదే: 80కి మిగిలిన ఎనిమిది గడులు నాలుగు వరుసల జవాబులకు సరిపోతాయి.

ఈ తరహా వికృతిని తొలగించడానికి 1999 ఆగస్టులో ర్యాండల్ గెలెన్స్ సంపాదకత్వంలో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 2646 ఒక చిన్న ఉపాయం ప్రతిపాదించింది. యంత్రం విరిచిన పంక్తి చివర ఒక ఖాళీ ఉంచాలి. రచయిత విరిచిన పంక్తి చివర ఖాళీ ఉండరాదు. అందుకునే ప్రోగ్రాము ఖాళీతో ముగిసిన పంక్తులను కలిపి తన తెరకు తగినట్లు మళ్ళీ విరుచుకుంటుంది. ఈ పద్ధతి తెలియని పాత ప్రోగ్రామునకు కూడా నష్టం లేదు; చివరి ఖాళీ కంటికి కనిపించదు. పాదాంత పంక్త్యంతాలకు వేర్వేరు గుర్తులు ఏర్పడటం ఇక్కడే. సీసపాదం రెండవ సగాన్ని లోపలికి జరిపిన అచ్చు సంప్రదాయానికీ దీనికీ ప్రయోజనం ఒకటే.

2004 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 3676 దీనికి ఒక సవరణ చేర్చింది. మాటల మధ్య ఖాళీ విడవని భాషలలో, పంక్తులను కలిపేటప్పుడు ఆ చివరి ఖాళీని తీసివేయమని తెలియజేసే వీలు కల్పించింది. తెలుగు ఈనాడు మాటల మధ్య ఖాళీ విడిచే భాషే. అయినా సంధులు, సమాసాలు ఉన్న భాషలో ఖాళీ పదచ్ఛేదానికి సంబంధించిన నిర్ణయం. 'మేలుకొను' అనే మాట పంక్తి చివర తెగి, కలిపేటప్పుడు నడుమ ఖాళీ చేరితే 'మేలు కొను' అవుతుంది. నిద్ర లేవడం పోయి మేలును పొందడం వస్తుంది.

తెలుగు లిపి, బైట్ల లెక్క

1990వ దశకంలో విదేశాలలోని తెలుగువారు ఈమెయిలులో ఎక్కువగా రోమను అక్షరాలలోనే తెలుగు రాసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతి ఇందుకు బాగా ఉపకరించింది. ఒక తెలుగు అక్షరానికి సుమారు రెండు మూడు రోమను అక్షరాలు పడతాయి. సీసపాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు కనుక 22 నుంచి 30 దాకా తెలుగు అక్షరాలుంటాయి. మాటల మధ్య ఖాళీలు కూడా కలిస్తే అది 72 రోమను అక్షరాలు దాటడం సహజం. అప్పుడు ప్రోగ్రాము యతిస్థానాన్ని చూడదు, గణాన్ని చూడదు. పరిమితికి లోపలున్న చివరి ఖాళీ దగ్గర విరుస్తుంది.

యూనికోడ్ తెలుగు వచ్చాక సమస్య రూపం మారింది. 'లక్ష్మి' అనే మాటను తీసుకుందాం. ఛందస్సు లెక్కలో ఇందులో రెండే అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఏడు కోడ్ బిందువులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యుటిఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు కోడ్ బిందువుకు మూడు బైట్లు కనుక మొత్తం 21 బైట్లు. మైమ్ ప్రమాణంలోని కోటెడ్-ప్రింటబుల్ పద్ధతిలో ఒక్కొక్క బైటు మూడు గుర్తులవుతుంది కనుక 63 గుర్తులు. రెండక్షరాల మాట దాదాపు ఒక పంక్తిని ఆక్రమిస్తుంది. ఏ ప్రోగ్రాము దేనిని లెక్కపెడుతుందన్నదానిపై విరుపు ఆధారపడుతుంది. 72 బైట్లకు విరిచే ప్రోగ్రాము 24 తెలుగు కోడ్ బిందువులకే పంక్తిని తెంచుతుంది. తెరమీద సగం పైగా ఖాళీగా మిగులుతుంది.

కోటెడ్-ప్రింటబుల్‌లో పంక్తి పరిమితి 76 గుర్తులు. చివరి సమాన చిహ్నం పోగా 75 గుర్తులలో 25 బైట్లు ఇముడుతాయి: ఎనిమిది తెలుగు కోడ్ బిందువులు, తొమ్మిదవదానిలో మూడవ వంతు. ఆ సమాన చిహ్నం 'ఇది పంక్త్యంతం మాత్రమే' అని చెప్పే గుర్తు. సరిగా విప్పితే పాఠం చెక్కుచెదరదు. ఆ చిహ్నం రాలిపోయినా, విప్పకుండానే ఉత్తరాన్ని దాచినా తొమ్మిదవ కోడ్ బిందువు రెండు ముక్కలై చదవరానిదవుతుంది. బేస్64 పద్ధతిలో 76 గుర్తుల పంక్తిలో 57 బైట్లు, అంటే సరిగ్గా 19 తెలుగు కోడ్ బిందువులు పడతాయి. అయితే అక్కడ మూలపాఠం కంటితో చదవడానికి వీలుండదు.

పరిష్కర్తకు ఆధారాలు

పద్యం విషయంలో ఈ వికృతులన్నీ సవరించదగినవే. తాళపత్ర పరిష్కర్తకు తోడ్పడిన గణయతిప్రాసలు ఈమెయిలు పరిష్కర్తకూ తోడ్పడతాయి. వచనకవిత విషయం అలాంటిది కాదు. కుందుర్తి ఆంజనేయులు వంటివారు ప్రచారం చేసిన ఈ ప్రక్రియలో పంక్తిని ఎక్కడ ముగించాలన్నది పూర్తిగా కవి నిర్ణయం. దానిని ధ్రువపరిచే ఛందోనియమం లేదు. యంత్రం ఒక విరుపు చేర్చినా, ఉన్న విరుపును కలిపివేసినా తిరిగి సాధించడానికి పాఠంలో మరో సాక్ష్యం మిగలదు. కనుక కింది పరీక్షలు ప్రధానంగా వచనకవితకు అవసరం.

మొదటిది, తరువాతి మాట పరీక్ష. ఒక పంక్తి చివర ఒక ఖాళీని, తరువాతి పంక్తిలోని మొదటి మాటను చేర్చి లెక్కించాలి. పరిమితి 72 అనీ, పంక్తిలో 66 అక్షరాలున్నాయనీ అనుకుందాం. తరువాతి మాట నాలుగక్షరాలైతే మొత్తం 71. అది అక్కడ ఇమిడేది. కాబట్టి ఆ విరుపు యంత్రానిది కాదు. ఆ మాట తొమ్మిదక్షరాలైతే మొత్తం 76. యంత్రం విరిచి ఉండవచ్చు, కవీ విరిచి ఉండవచ్చు. ఈ పరీక్ష కవి విరుపును కొన్ని చోట్ల నిరూపిస్తుంది గాని యంత్రవిరుపును నిరూపించదు.

రెండవది, పొడుగు పొట్టి పంక్తుల వరుస. ఇది పాఠం కనీసం రెండుసార్లు విరిగిందనడానికి బలమైన సూచన. మూడవది, పంక్తి చివరి ఖాళీ. 1999 తరువాతి ఉత్తరంలో ఇది యంత్రవిరుపును సూచించవచ్చు. అయితే ఉత్తరం శీర్షభాగంలో ఆ పద్ధతి ప్రకటితమై ఉండాలి. నాలుగవది, పంక్తి చివరి సమాన చిహ్నం. ఇది కోటెడ్-ప్రింటబుల్ శేషం కావచ్చు. యూనికోడ్ తెలుగు కోడ్ బిందువులన్నిటిలో మొదటి బైటు ఒకటే కావడం, రెండవది రెండు విలువలలో ఒకటి కావడం దీనిని గుర్తించడానికి తోడ్పడుతుంది. ఐదవది, కాలం. మనిషే పంక్తిని ముగించిన సంవత్సరాల ఉత్తరాలలో మొదటి పరీక్ష వచనానికి చాలదు. అక్కడ అదే రచయిత రాసిన ఇతర ఉత్తరాలలోని పంక్తుల నిడివితో పోల్చి చూడాలి.

ముగింపు

పంక్తివిరుపు చరిత్ర యంత్రపు వెడల్పుతో మొదలై, కనిపించని ఒక ఖాళీ అక్షరం దాకా సాగింది. ఆ ఖాళీని వ్యర్థమని తుడిచివేసే ప్రతి 'శుభ్రపరిచే' చర్యా ఒక పాఠసాక్ష్యాన్ని తుడిచివేస్తుంది. అందువల్ల ఈమెయిలు నుంచి తెలుగు రచనలను సేకరించేవారు తెరమీద కనిపించే పాఠాన్ని మాత్రమే ప్రతి తీసుకోక, శీర్షభాగంతో సహా మూల ఉత్తరాన్ని యథాతథంగా భద్రపరచాలి. విరుపులను సవరించిన ప్రతిని వేరుగా ఉంచి, ఏ విరుపును ఏ ఆధారంతో పాదాంతంగా స్వీకరించారో పేర్కొనాలి. ఆకు అంచునూ పద్యపాదాన్నీ వేరు చేసి చూడటం తెలుగు పరిష్కర్తలకు అలవాటైన విద్య. ఆ విద్యను ఈమెయిలు పాఠానికి విస్తరించకపోతే, ఛందస్సు కాపలా లేని కవిత్వంలో కవి ఎక్కడ ఆగాడో చెప్పగల చివరి సాక్ష్యాన్ని మనమే పోగొట్టుకున్నవారమవుతాము.