చదవని చదివింపులు

మా చందర్లపాడు వైపు పెళ్ళిలో బహుమతి ఇవ్వడాన్ని 'చదివించడం' అంటారు. ఆ మాటలో ఇవ్వడం లేదు, చదవడమే ఉంది. ఎవరు ఎంత ఇచ్చారో పందిట్లో ఒకాయన అందరికీ వినపడేలా చదివేవాడు, పక్కనే ఇంకొకాయన పుస్తకంలో రాసుకునేవాడు. రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే ఆ పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా తిరిగి చదివించాలి. ఇచ్చిన డబ్బు ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తుందని అందరికీ తెలుసు. ఎవరిచ్చారో కూడా తెలుసు. మన భాషలోనే ఇంకో మాట ఉంది, 'మామూలు'. అలవాటు అని అర్థం. అదే లంచానికి పేరైంది. అది కూడా తిరిగొచ్చేదే, కాకపోతే ఎవరూ పైకి చదవరు.

ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న గొడవ పాతదే. ఈస్టిండియా కంపెనీ వాటాల కంపెనీ. దాని ఉద్యోగులు ఇక్కడి రాజుల దగ్గర నజరానాలు పుచ్చుకుని సొంతానికి కోట్లు గడిస్తుంటే, లండన్‌లో వాటాదారులు లాభాల కోసం ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు. అందుకని 1764లో డైరెక్టర్లు ఉద్యోగుల చేత ఒప్పందం రాయించుకోవాలని నిర్ణయించారు. నాలుగువేల రూపాయలు దాటిన కానుక కంపెనీకి జమ చెయ్యాలి. వెయ్యి దాటితే గవర్నరు, కౌన్సిలు అనుమతి కావాలి. 1773 రెగ్యులేటింగ్ చట్టం కానుకల్ని నిషేధించింది. వకీళ్ళు, వైద్యులు, మతగురువులు తమ వృత్తికి పుచ్చుకునే ఫీజుల్ని మాత్రం వదిలిపెట్టింది.

నిషేధం వచ్చిన మరుసటి ఏడాది, 1774లో, ఇంగ్లండులోని షాఫ్ట్స్‌బరీలో పార్లమెంటు ఎన్నిక జరిగింది. తలుపుకి ఒక కంత, దాని వెనక తోలుబొమ్మలాటలో విదూషకుడి లాంటి 'పంచ్' వేషం కట్టిన మనిషి. ఓటర్లకి ఒక్కొక్కరికి ఇరవై గినీల మూట ఆ కంతలోంచి చేతికందేది. ముఖం కనపడదు కాబట్టి ఇచ్చిందెవరో చెప్పలేరు. గెలిచిన ఇద్దరూ బెంగాల్లో ఉద్యోగాలు చేసి డబ్బుతో తిరిగొచ్చినవాళ్ళే. ఆ ఎన్నికని రద్దు చేశారు. ఆ ఇద్దరిలో ఒకడు థామస్ రంబోల్డ్.

ఇతనే 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అప్పటికి ఉత్తర సర్కారుల్లో రైతుల స్థితి, పంటలు, శిస్తులు ఊరూరా తిరిగి విచారించమని లండన్ డైరెక్టర్లు వేసిన సర్క్యూట్ కమిటీ ఒకటుంది. రంబోల్డ్ దాన్ని ఆపేసి, జమీందార్లనే మద్రాసుకి రమ్మన్నాడు. మా నందిగామ ప్రాంతం అప్పుడు కొండపల్లి సర్కారులో, వాసిరెడ్డి వారి జమీందారీలో ఉండేది. విజయనగరం సీతారామరాజు దివాన్‌గిరీ కోసం రంబోల్డ్ కార్యదర్శి రెడ్‌హెడ్‌కి లక్ష రూపాయలు ఇస్తానన్న ఒప్పందం గురించి జేమ్స్ మిల్ తన చరిత్రలో రాశాడు. డైరెక్టర్లు 1781లో రంబోల్డ్‌ని ఉద్యోగం నుంచి తీసేశారు. మరుసటి ఏడాది అతన్ని శిక్షించాలని పార్లమెంటులో బిల్లు పెట్టారు. 1783లో దాన్ని వదిలేశారు. జమీందారు ఎవరికేమి ముట్టజెప్పినా అది చివరికి రైతు శిస్తులోంచి రావలసిందే కదా. కమిటీ ఊళ్ళకి వచ్చి ఉంటే ఆ లెక్క పైకి చదివి ఉండేవాళ్ళేమో.

ఇప్పుడు అమెరికాలో షేర్లు, బాండ్ల వ్యాపారంలో ఉన్న మనవాళ్ళకి ఈ సంగతి రోజువారీ నిబంధన. ఖాతాదారుడితో వ్యవహారానికి సంబంధించి ఒక మనిషికి ఏడాదికి వంద డాలర్లు మించిన బహుమతి ఇవ్వకూడదన్నది అక్కడ చాలా ఏళ్ళు నడిచిన హద్దు. ప్రభుత్వ పింఛను నిధుల్ని మదుపు చేసే సంస్థల మీద 2010లో ఇంకో నిబంధన వచ్చింది. సంస్థలో ముఖ్యులు, ఆ నిధుల్ని తెచ్చిపెట్టే ఉద్యోగులు, వాటిమీద అధికారం ఉన్న నాయకుడికి చందా ఇస్తే, రెండేళ్ళపాటు ఆ ప్రభుత్వం నుంచి సంస్థ ఫీజు పుచ్చుకోవడానికి లేదు. తమకు ఓటున్న అభ్యర్థికైతే 350 డాలర్లు, లేకపోతే 150 వరకే మినహాయింపు. లంచమని రుజువు చెయ్యనక్కరలేదు. హద్దు దాటడమే చాలు. ఇంతలేసి కట్టడి చాదస్తంగా కనపడుతుంది గాని, రంబోల్డ్ కథ చదివాక నాకు అలా అనిపించలేదు.

మన దేశంలో 1969లో కంపెనీల చందాలు నిషేధించి, 1985లో లాభాల్లో అయిదు శాతం దాకా అనుమతించారు. 2013 చట్టం దాన్ని ఏడున్నర చేసింది. 2017లో ఆ హద్దే ఎత్తేశారు. 2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి. పేరుకే బాండు, వడ్డీ లేదు, ఇచ్చినవాడి పేరూ లేదు. షాఫ్ట్స్‌బరీ తలుపు కంతలాంటిదే! 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు, ఓటరుకి తెలుసుకునే హక్కుందని చెప్పి, ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చిలో జాబితాలు బయటికొచ్చాయి. కొన్నవాళ్ళలో రెండో స్థానం హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. ఆ డబ్బుకి, ఆ కంపెనీ పనులకి సంబంధం ఉందో లేదో నేను తేల్చలేను. కాని అడగడానికి కావలసిన కాగితం మొదటిసారి మన చేతికొచ్చింది.

ఇవ్వడం ఆగదు, పుచ్చుకోవడమూ ఆగదు. హద్దులు పెట్టినా మనుషులు దారులు వెతుక్కుంటారు. అందుకే హద్దుకన్నా ముందు కావలసింది పుస్తకం, దాన్ని అందరికీ వినపడేలా చదివే గొంతు. ఆరేళ్ళపాటు మన చదివింపుల పుస్తకం బ్యాంకు బీరువాలో ఉండిపోయింది. ఈలోగా రెండుసార్లు ఓటేసి వచ్చాం.