ఫ్యాటీ లివర్: ఎస్‌జీపీటీ నార్మల్ అని వదిలేయకండి.. బ్లడ్ రిపోర్ట్‌లో ఈ ప్రొటీన్లూ చూడాల్సిందే!

హెల్త్ చెకప్ రిపోర్ట్ చేతికి రాగానే చాలామంది షుగర్, కొలెస్ట్రాల్ చూసి పక్కన పడేస్తారు. కానీ లివర్ సంగతి చెప్పే ప్రొటీన్లు కూడా అందులోనే ఉంటాయి. ఫ్యాటీ లివర్ మొదట్లో నొప్పి ఉండదు, లక్షణాలూ పెద్దగా కనిపించవు. అందుకే ఈ అంకెలు ముఖ్యం.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులపై చేసిన ఓ అధ్యయనం 2025లో వెలువడింది. పరీక్షించిన 345 మందిలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు పేరుకున్నట్టు తేలింది.

ఏ ప్రొటీన్ ఏం చెబుతుంది?

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ: లివర్ కణాల్లో ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి వచ్చేస్తాయి. అయితే ఫ్యాటీ లివర్ ఉన్నా ఇవి నార్మల్‌గా ఉండొచ్చు.

ఫెర్రిటిన్: ఐరన్‌ను నిల్వ చేసే ప్రొటీన్. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో తరచూ పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చేయలేం.

అల్బుమిన్: దీన్ని లివరే తయారు చేస్తుంది. డెసీలీటర్‌కు 3.5 నుంచి 5 గ్రాములు ఉండాలి. జబ్బు బాగా ముదిరాకే తగ్గుతుంది. అంటే ఇది నార్మల్ ఉన్నంత మాత్రాన సేఫ్ కాదు.

సీకే-18: లివర్ కణాలు చనిపోతే దీని ముక్కలు రక్తంలో కనిపిస్తాయి. ప్రస్తుతం ఎక్కువగా పరిశోధనల్లోనే వాడుతున్నారు.

ఫిబ్-4 స్కోర్ ఇలా..

లివర్ గట్టిపడే ముప్పును అంచనా వేసే లెక్క ఇది. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి.

ఉదాహరణకు వయసు 50, ఎస్‌జీఓటీ 42, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అనుకుందాం. 2100ను 1400తో భాగిస్తే 1.5 వస్తుంది. 1.3 కంటే తక్కువైతే ముప్పు తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్ష అవసరం. అంటే రిపోర్ట్‌లో అంకెలు కాస్తే ఎక్కువున్నా ఈ వ్యక్తి డాక్టర్‌ను కలవాల్సిందే. 65 ఏళ్లు దాటినవారికి కింది హద్దు 2.0. 35 ఏళ్లలోపు వారికి ఈ లెక్క అంత కచ్చితం కాదు.

షుగర్, ఊబకాయం ఉన్నవాళ్లు ఈ స్కోర్ గురించి డాక్టర్‌ను అడగడం మంచిది. బరువు 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వుతో పాటు వాపూ తగ్గుతుంది. 80 కిలోలున్నవారికి అది 6 నుంచి 8 కిలోలే!