నమాజ్ యాప్ పెట్టుకునే ముందు ఏమేం చూడాలి?

నమాజ్ వేళలు, అజాన్, ఖిబ్లా, సెహ్రీ-ఇఫ్తార్ టైములు... ఇప్పుడు చాలా ఇళ్లలో ఇవన్నీ ఫోన్‌లోనే చూసుకుంటున్నారు. దీన్‌కు సంబంధించిన యాప్ కదా, పైగా ఉచితం, లక్షల మంది వాడుతున్నారు అని వెంటనే ఇన్‌స్టాల్ చేసేస్తాం. కానీ యాప్ చేసింది ఒకరైతే, దాని లోపల పనిచేసే కోడ్‌లో కొంత వేరే కంపెనీది అయి ఉండొచ్చు. చూసుకోవాల్సింది ముఖ్యంగా దాన్నే.

ఎస్‌డీకే అంటే ఏమిటి?

ప్రకటనలు చూపడానికి, ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టడానికి బయటి కంపెనీలు తయారుచేసి ఇచ్చే రెడీమేడ్ కోడ్‌నే ఎస్‌డీకే అంటారు. దాన్ని యాప్‌లో కలిపినందుకు కొన్ని కంపెనీలు డబ్బు కూడా ఇస్తాయి. మనం యాప్‌కు లొకేషన్ పర్మిషన్ ఇస్తే, లోపలున్న ఎస్‌డీకేకి కూడా ఇచ్చినట్లే.

గతంలో ఏం జరిగింది?

2020 నవంబర్‌లో అమెరికా వార్తా సంస్థ మదర్‌బోర్డ్ ఒక కథనం ప్రచురించింది. అప్పటికి 9.8 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉన్న ముస్లిం ప్రో యాప్ నుంచి లొకేషన్ వివరాలు ఎక్స్-మోడ్ అనే కంపెనీకి చేరుతున్నాయని, ఆ కంపెనీ కస్టమర్లలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని అందులో బయటపెట్టింది. దీంతో ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకుంటున్నట్లు ముస్లిం ప్రో ప్రకటించింది. తర్వాతి నెలలోనే యాపిల్, గూగుల్ ఆ ఎస్‌డీకేని తీసేయాలని యాప్ తయారీదారులకు చెప్పాయి. ప్రార్థనా స్థలాలు, ఆస్పత్రుల వంటి సున్నితమైన చోట్ల లొకేషన్ డేటాను ఆ కంపెనీ అమ్మకుండా 2024 జనవరిలో అమెరికా ఎఫ్‌టీసీ చర్య తీసుకుంది.

2022లోనూ ఇలాంటిదే జరిగింది. మెజర్‌మెంట్ సిస్టమ్స్ అనే కంపెనీ ఎస్‌డీకే ఉన్న పలు యాప్‌లను గూగుల్ ప్లే స్టోర్ నుంచి తొలగించింది. వాటిలో కోటికి పైగా డౌన్‌లోడ్లు ఉన్న అజాన్ యాప్ కూడా ఉంది. అంటే డౌన్‌లోడ్ల సంఖ్య చూసి భద్రత ఉందనుకోవడానికి లేదన్నమాట.

ఇన్‌స్టాల్ చేసే ముందు

1. పనికి తగిన పర్మిషనేనా? నమాజ్ వేళలు లెక్కకట్టడానికి ఊరి పేరు చాలు. హైదరాబాద్, గుంటూరు, కర్నూలు అని మనమే ఎంచుకునే వీలున్న యాప్ మేలు. కాంటాక్టులు, మెసేజ్‌లు, మైక్ అడిగితే ఆ యాప్ వద్దు.

2. ప్లే స్టోర్‌లో "డేటా భద్రత" భాగం చదవండి. లొకేషన్‌ను ఇతరులతో పంచుకుంటామని ఉందేమో చూడండి. అయితే ఆ వివరాలు నింపేది యాప్ తయారీదారులే కాబట్టి దాన్నే పూర్తిగా నమ్మలేం.

3. ఎక్సోడస్ ప్రైవసీ అనే ఉచిత వెబ్‌సైట్‌లో యాప్ పేరు వెతకండి. ఆండ్రాయిడ్ యాప్ లోపల ఏయే ట్రాకర్లు కనిపించాయో అది చూపిస్తుంది. జాబితా ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది.

4. తయారీదారు ఎవరు, వెబ్‌సైట్ ఉందా, యాప్ ఈమధ్య అప్‌డేట్ అయిందా అన్నది చూడండి.

5. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ ఎవరు పంపినా నొక్కవద్దు. పెళ్లి కార్డు, చలానా పేరుతో వచ్చే ఏపీకేలతో బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతున్నాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇప్పటికే ఫోన్‌లో ఉంటే

సెట్టింగ్స్‌లో ఆ యాప్ లొకేషన్ పర్మిషన్ తెరిచి, "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టండి. ఖచ్చితమైన లొకేషన్ ఆఫ్ చేయండి, వేళలకు సుమారు లొకేషన్ సరిపోతుంది. ఊరు చేత్తో ఎంచుకునే వీలుంటే పర్మిషన్ పూర్తిగా తీసేయండి. అసర్ లెక్క హనఫీయా, షాఫయీయా అన్నది కూడా యాప్‌లో సరిచూసుకోండి.

ఖిబ్లాకు మామూలు దిక్సూచి ఉన్నా చాలు. హైదరాబాద్ నుంచి అది పడమటికి సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. ఇక వేళలకైతే మన మొహల్లా మస్జిద్ గోడమీది టైమ్‌టేబుల్ ఉండనే ఉంది, దానికి ఏ పర్మిషనూ అక్కర్లేదు.

ఇంట్లో అమ్మీ, అబ్బా, నానీల ఫోన్లలో యాప్‌లు పెట్టేది ఎక్కువగా పిల్లలే. కాబట్టి ఈ తనిఖీ కూడా వాళ్లే ఒకసారి కూర్చుని చేసిపెడితే మంచిది.