ఒకే పత్రం, పలు చేతులు

ఇద్దరు ఒకే పత్రాన్ని ఒకే క్షణంలో దిద్దితే ఎవరి దిద్దుబాటు నిలవాలి? కలిసి పనిచేసే సాఫ్ట్‌వేర్ పుట్టినప్పటి నుంచీ ఒక్కో తరం ఈ ప్రశ్నకు ఒక్కో జవాబు చెబుతూ వచ్చింది.

మొదటి జవాబు తాళం. 1972లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఎస్‌సీసీఎస్, ఆ తర్వాతి దశాబ్దంలో వచ్చిన ఆర్‌సీఎస్ ప్రోగ్రాముల ఫైళ్లను ఇలాగే కాపాడేవి. దిద్దడానికి ఒకరు తీసుకున్న ఫైలును, వాళ్లు తిరిగి పెట్టేదాకా మిగతావాళ్లు చదవగలరే గాని మార్చలేరు. ఎవరి శ్రమా పోదు. కానీ తాళం వేసినవాళ్లు ఇంటికెళ్లిపోతే అందరి పనీ ఆగిపోతుంది.

రెండో జవాబు కాలముద్ర. అర్పానెట్‌లో పలుచోట్ల ఉండే నకళ్ల కోసం 1975లో జాన్సన్, థామస్ ఈ పద్ధతిని ప్రతిపాదించారు: చివరి మార్పే నెగ్గుతుంది. అమలు చేయడం తేలికే, కాని ఓడిన మార్పు చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. పైగా యంత్రాల గడియారాలు ఒక్కతీరుగా నడవవు. ఒకదాని సంగతి మరొకదానికి తెలియకుండా జరిగిన రెండు పనులకు అసలు ముందువెనుకలే ఉండవని 1978లో లెస్లీ లాంపోర్ట్ తేల్చాడు. అక్కడి నుంచి అసలు సమస్య స్పష్టమైంది. ఏది ముందో తేలనప్పుడు రెండింటినీ నిలబెట్టే దారి కావాలి.

ఆ దారి 1989లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో దొరికింది. ఎల్లిస్, గిబ్స్ తమ గ్రోవ్ ఎడిటర్ కోసం మార్పులనే మార్చే పద్ధతిని కనిపెట్టారు. మీరు వాక్యం మొదట ఐదు అక్షరాలు చేర్చారు. అదే క్షణంలో నేను పదో అక్షరం కొట్టేశాను. నా ఆదేశం మీ దగ్గరికొచ్చేసరికి పదిహేనో అక్షరాన్ని కొట్టేయమని మారాలి. వినడానికి సులువే. కానీ అందరూ అందరితో నేరుగా మాట్లాడుకుంటే ఈ లెక్క కొన్నిచోట్ల తప్పుతోందని తర్వాతి పరిశోధకులు పట్టుకున్నారు. 1995లో జెరాక్స్ పార్క్‌లోని జూపిటర్ బృందం నడుమ ఒక సర్వర్‌ను పెట్టి చిక్కు విప్పింది. 2009 నాటి గూగుల్ వేవ్ ఆ బాటనే పట్టింది. 2010లో కొత్తగా రాసిన గూగుల్ డాక్స్ ఎడిటర్‌లోనూ ఉన్నది మార్పులను మార్చే ఈ పద్ధతే.

నడిమి పెద్ద అక్కర్లేని దారినీ కొందరు వెతికారు. 2006లో ఫ్రాన్స్ పరిశోధకులు ఊట్ పద్ధతిలో ప్రతి అక్షరానికీ విడి గుర్తింపు ఇచ్చారు. స్థానం లెక్కే లేదు కాబట్టి అది తప్పే ప్రసక్తీ లేదు. 2011లో మార్క్ షపీరో, సహచరులు ఇలాంటి నిర్మాణాలకు గట్టి సిద్ధాంతం కట్టారు. అవే సీఆర్‌డీటీలు. మార్పులు ఏ వరసలో అందినా చివరికి అందరి నకలూ ఒకటే అవుతుంది. రైల్లో నెట్ లేకున్నా రాసుకోవచ్చు. అందుకు మూల్యం, కొట్టేసిన అక్షరాల ఆనవాళ్లను కూడా మోయడం. ఆటోమెర్జ్, వైజేఎస్ లైబ్రరీలు ఆ భారాన్ని చాలావరకు తగ్గించాయి.

అయితే నకళ్లు ఒకటవడం వేరు, రాత సరిగ్గా ఉండడం వేరు. ‘మట’ అన్న తప్పును ఒకరు ‘మాట’గా, మరొకరు ‘మూట’గా దిద్దారనుకోండి. యూనికోడ్‌లో మ వేరు, దాని గుణింతపు గుర్తు వేరు. సంకేతాల స్థాయిలో కలిపితే ఒకే మకారానికి దీర్ఘమూ కొమ్ముదీర్ఘమూ రెండూ తగులుకుంటాయి. అన్ని యంత్రాల్లోనూ ఒకే రాత ఉంటుంది, కాని అది ఎవరూ రాయనిది.

అందుకే ఎంపిక దత్తాంశం స్వభావం నుంచే మొదలవ్వాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫిగ్మాలో గీసే బొమ్మల్లో ఒక్కో లక్షణానికి చివరి మార్పే నిలుస్తుంది. ఒకరు రంగు, మరొకరు చోటు మార్చితే రెండూ మిగులుతాయి కాబట్టి అక్కడ ఆ పాత పద్ధతే చాలింది. పేరాలకు అది చాలదు. ఏది పోయినా పర్వాలేదో, ఏది పోకూడదో ముందు తేల్చుకున్నవాళ్లకే పద్ధతి కుదురుతుంది. పోయేది ఒక మనిషి శ్రమ అని ఆ తేల్చుకునేటప్పుడు మరవకూడదు.