కొయ్యబారిన వెన్నెముక

నల్లమల ప్రక్కనున్న అర్ధవీడు, మార్కాపురము ప్రాంతము 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలో ఉండెను. దానికి తూర్పుననున్న పొదిలి, దర్శి, కనిగిరి అప్పటివరకు నెల్లూరు జిల్లాలో ఉండెను. ఈ మెట్టసీమలో చిరకాలము బావినీరే జనులకు ఆధారము. ఆ నీటిలోనే ఒక వ్యాధికి మూలము కలదని 1937లో తేలినది.

అంతకు అయిదేండ్లకు ముందు, 1932లో, కోపెన్‌హాగెన్ నగరమున క్రయొలైటు ధూళిని పీల్చిన కార్మికుల ఎముకలు చిక్కబడినట్లు డెన్మార్కు వైద్యులు గమనించిరి. క్రయొలైటు ఫ్లోరిను గల ఖనిజము. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అను నలుగురు నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి, అట్టి మార్పులే త్రాగునీటి వలన కలుగుచున్నవని ప్రకటించిరి. కీళ్లవాతమని పొరబడదగిన రోగమునకు ఫ్లోరోసిస్ అను పేరు స్థిరపడెను. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లాలో దీనినే వర్ణించెను.

ఈ రోగమున జరుగునదేమి? వెన్నుపూసలను ఒకదానితో నొకటి కట్టియుంచు నారవంటి సంధిబంధనములు కలవు. అవి వంగును, సాగును. ఏండ్ల తరబడి ఫ్లోరైడు శరీరమున చేరినచో అవి క్రమముగా ఎముకవలె గట్టిపడును. అప్పుడు మెడ తిరుగదు. ప్రక్కకు చూడవలెనన్న మేనంతయు త్రిప్పవలెను. లోపల వెన్నుపాము పోవు దారియు ఇరుకగును.

ఇట్టివాడు జారిపడినప్పుడు అసలు ప్రమాదము వచ్చును. వంగవలసిన వెన్ను కొయ్యవలె విరుగవచ్చును. ఎముక విరుగకున్నను, చిన్న అదురుకే ఇరుకుదారిలోని వెన్నుపాము నలుగవచ్చును. కాళ్లు చచ్చుబడుట, చేతులు తిమ్మిరెక్కుట, మూత్రము బిగియుట దీని గుర్తులు. విరిగిన చోటు మామూలు ఎక్స్‌-రేలో కనబడకపోవచ్చును, సి.టి. పరీక్ష అవసరము. ముంజేతి రెండెముకల నడుమ పొర సున్నపుబారినట్లు ఎక్స్‌-రేలో తోచినచో ఫ్లోరోసిస్‌ను అనుమానింపవలెను. చిన్ననాటినుండి అట్టి నీరు త్రాగినవారి పండ్లమీద మచ్చలుండును.

కనుక వంగిన మెడను బలవంతముగా చక్కచేసి బల్లపై వెల్లకిల పరుండబెట్టరాదు. పడకముందు మెడ ఎట్లుండెనో అట్లే ఉంచి, తలక్రింద మడత గుడ్డలు పెట్టి, కదలకుండ ఆసుపత్రికి చేర్చవలెను. “పడకముందు ఇతడు మెడ త్రిప్పగలిగెనా?” అని ఇంటివారిని అడుగుటకు క్షణము చాలును. 1937 నాటి పరిశోధన నేర్పిన జ్ఞానము ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది. ఒకొక్కప్పుడు మనిషి మరల నడచుటయు దానిపైననే ఆధారపడును.