గళ్ళు గీస్తేనే తెమిలే చిక్కు

అమెరికాలో న్యాయకళాశాలల ప్రవేశపరీక్ష ఎల్‌శాట్. అందులో 1982 నుండి తర్కప్రహేళికలు ఉండేవి: 35 నిమిషాలు, నాలుగు చిక్కుముళ్ళు. పరీక్ష రాసే పని లేకున్నా సరదాకి వాటితో కుస్తీ పట్టేవాణ్ణి.

వరుసలో ఏడుగురు వక్తలు. రాముడు సోముడికి ముందు, సోముడు భీముడికి ముందు మాట్లాడాలి (పేర్లు నేను పెట్టినవే లెండి). ప్రశ్నల జోలికి పోకముందే ఏడు గళ్ళు గీసుకోవాలి. రెండు నియమాలనూ కలిపి చూస్తే, ఎవరూ చెప్పని మూడోది బయటపడుతుంది: రాముడికి చివరి రెండు గళ్ళూ దక్కవు. కిటుకంతా ఇంతే.

గియ్యలేనివారి మాటేమిటన్నది నాకెన్నడూ తట్టలేదు. నేను తర్కమనుకున్నదాంట్లో సగం పెన్సిలే! మిషిగన్‌కు చెందిన ఒక అంధ అభ్యర్థి 2011లో ఈ విషయమై కోర్టుకెక్కారు. 2019లో రాజీ కుదిరింది. నాలుగేళ్ళలో మార్గాంతరం చూస్తామని నిర్వాహకులు ఒప్పుకున్నారు. 2024 ఆగస్టు పరీక్ష నుండి ఆ విభాగాన్ని తీసేశారు.