నామవాచకములు – లింగభేదము

ఆంగ్ల వ్యాకరణమున మొదటి పాఠము నామవాచకము. సంజ్ఞ, జాతి, సముదాయము, ద్రవ్యము, భావము అని దానికి ఐదు విధములు. పుంలింగము, స్త్రీలింగము, సామాన్యలింగము, నపుంసకలింగము అని నాలుగు లింగములు. రెన్, మార్టిను దొరల వ్యాకరణమును ముందు పెట్టుకొని మేమును ఈ పట్టికను వల్లించినవారమే. లండను ప్రాపర్ నౌను, నగరము కామన్ నౌను, సైన్యము కలెక్టివ్ నౌను, వెండి మెటీరియల్ నౌను, నిజాయితీ ఆబ్‌స్ట్రాక్ట్ నౌను. రాజు పుంలింగము, రాణి స్త్రీలింగము, బిడ్డ సామాన్యలింగము, బల్ల నపుంసకలింగము. ఇంతటితో పాఠము ముగిసెడిది. ఈ విభజన ఎచటినుండి వచ్చినదో మేము అడుగలేదు, మాకు ఎవరును చెప్పలేదు. నేడు మన పిల్లలు వేయుచున్న ఒక ప్రశ్నకు సమాధానము ఆ చరిత్రయందే యున్నది గనుక దానిని ఇచట సంగ్రహముగా విన్నవించుచున్నాము.

ఆ ప్రశ్న ఇది. తమిళమున అమ్మ ‘వందాళ్’, ఆవు ‘వందదు’. కన్నడమున అమ్మ ‘బందళు’, ఆవు ‘బందితు’. మనమో అమ్మ వచ్చినది, ఆవు వచ్చినది అని రెండింటికిని ఒకే క్రియను వాడుదుము. “మీ భాషలో ఆడువారికి మర్యాద లేదా?” అని తోటి బాలురు పరిహసింతురు. దీనికి బదులు తోచక, నలుగురి యెదుట తెలుగు మాటాడుటయే మానుకొన్న పిల్లలను మేమెరుగుదుము. ఇది చిన్న విషయము కాదు. తరతరములుగా ఇంట నిలిచిన భాష ఇట్టి చిన్న సిగ్గులతోనే వీధిలోనికి రాక, పిదప ఇంటిలోను అణగిపోవును.

లింగమనగానే స్త్రీ పురుష భేదమే మనకు స్ఫురించును. కాని ఆంగ్లమునందలి జెండర్ అను మాటకు మూలమైన లాటిను పదమునకు రకము, తెగ అని అర్థము. క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున ప్రొటాగొరాసు అను గ్రీకు విద్వాంసుడు నామములను మూడు తెగలుగా విభజించెనని అరిస్టాటిలు చెప్పియున్నాడు. నామములను తెగలుగా నేర్పరచుటయే ఈ పనికి తొలి ప్రయోజనము.

వేయి సంవత్సరములకు పూర్వపు ఆంగ్లమునందును మూడు లింగములుండెను. అపుడు సూర్యుడు స్త్రీలింగము, చంద్రుడు పుంలింగము, రాయి పుంలింగము. నేడు భార్యయని చెప్పు ‘వైఫ్’ పదము ఆనాడు స్త్రీమాత్రమునకు చెల్లుచు, నపుంసకలింగమై యుండెను. నేటి ‘ఊమన్’ పదమునకు మూలమైన ‘వీఫ్‌మన్’ పుంలింగము! దీనినిబట్టి ఆనాటి ఆంగ్లేయులు స్త్రీని అచేతనముగా నెంచిరని ఎవరును చెప్పజాలరు. 10వ శతాబ్దినాటికే ఉత్తరదేశపు వ్రాతలలో ఈ లింగములు తడబడసాగెను. 14వ శతాబ్ది నాటికి దాదాపు దేశమంతట మాసిపోయెను. పదాంతముల యందలి అచ్చులు క్షీణించి ఒకే ధ్వనిగా కలిసిపోవుట ఇందులకు ముఖ్యకారణము. ఉత్తరమున వచ్చి స్థిరపడిన స్కాండినేవియను ప్రజలతోడి కలయికయు తోడ్పడెనని భాషావేత్తల అభిప్రాయము.

లింగములు పోయినను వ్యాకరణకర్తలు వానిని విడువలేదు. 1586లో బుల్లోకరు రచించిన తొలి ఆంగ్లవ్యాకరణము లాటిను అచ్చులో పోసినట్టిదే. నాటకకర్త బెన్ జాన్సను వ్యాకరణము 1640లో అచ్చుపడినది. అందు లింగములు ఆరు! పదమూడేండ్ల పిదప, 1653లో, జాన్ వాలిసు ఆంగ్లనామములకు లింగభేదమే లేదనెను. భాష ఒక్కటే, లెక్కలు వేరు. వాడుకలో మిగిలినవి హీ, షీ, ఇట్ అను సర్వనామములు మాత్రమే. మేము గుమాస్తాగిరి చేసిన దినములలో సరకుల కాగితములందు ఓడను ‘షీ’ యని వ్రాయుట చూచినాము. లాయిడ్స్ లిస్ట్ అను నౌకావాణిజ్య పత్రిక 2002లో ఆ వాడుకను విడిచి, ఓడకు ‘ఇట్’ అని వ్రాయ నారంభించెను.

మన ఇరుగుపొరుగు భాషలను చూచినను ఇదే తేటపడును. మహారాష్ట్రమునందలి మనవారు ఎరుగుదురు: మరాఠీలో మూడు లింగములున్నవి, బిడ్డయను అర్థముగల ‘మూల్’ నపుంసకము. ఒడిశాలోని మనవారు వాడు ఒడియాలో స్త్రీకైనను పురుషునకైనను క్రియ యొకటే. యానాములో ఫ్రెంచి చదివినవారికి బల్ల స్త్రీలింగము, పుస్తకము పుంలింగము. సంస్కృతమున భార్యకు దారశబ్దము పుంలింగము, కళత్రము నపుంసకము.

ఇక మన తెలుగు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి పురుషవాచకములను మహత్తులని, తక్కినవానిని అమహత్తులని విభజించి, స్త్రీవాచకములు బహువచనమున మహత్తులవలె నుండునని విధించెను. అమహత్తను పేరు చెవికి కటువైన మాట నిజమే. అది వైయాకరణులు పెట్టిన పేరు. వాడుక యేమనుచున్నదో చూడుడు. బాలిక వచ్చినది, ఆవు వచ్చినది. కాని బాలికలు వచ్చినారు, ఆవులు వచ్చినవి. బహువచనమున స్త్రీ పురుషులు ఒక పంక్తి, పశువులు వేరొక పంక్తి. ఆ బహువచనమే మనకు గౌరవవచనము గూడ. అమ్మగారు వచ్చినారు, అత్తగారు చెప్పినారు అన్నపుడు మర్యాద లోపమెచటనున్నది?

మరియొక సంగతి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో ప్రకటించిన ద్రావిడభాషల గ్రంథమున, ఏకవచనమున స్త్రీకి ‘అవళ్’ అను ప్రత్యేకరూపము దక్షిణశాఖలో తరువాత ఏర్పడినదని నిర్ణయించినారు. పురుషుని ఒక తెగగాను, స్త్రీని తక్కినవానితో మరొక తెగగాను చెప్పు ఏకవచనపు తీరు మూలభాషదే. అనగా తెలుగు దానిని పోగొట్టుకొనక నిలుపుకొన్నది.

బాలవ్యాకరణము వెలసినది చెన్నపట్టణమున. అంతకు పూర్వము 1816లో కాంబెలు దొర తెలుగు వ్యాకరణము అచ్చుపడినదియు అచటనే. తమిళదేశపు నడుమ నుండియే మన భాషకు లక్షణము చెప్పినవారున్నారు. కావున తల్లిదండ్రులారా, పిల్లలు ఆ ప్రశ్న వేసినపుడు కసరకుడు. ‘పొరుగు భాషవలె మాటాడు’మని దిద్దకుడు. ఆంగ్లపు కథను, మరాఠీ బిడ్డ కథను చెప్పుడు. ఆవులు వచ్చినవి, అమ్మలు వచ్చినారు అను రెండు వాక్యములను వారిచేతనే పలికింపుడు. సమాధానము వారికే దొరకును. దొరకిన నాడు ఆ మాటను వీధిలోను తలయెత్తి పలుకుదురు.